ఒరేయ్ సుబ్బరాజూ!

సోమవారం పొద్దున్నే చెరువు గట్టు షెడ్డులో రొయ్యల మేత బస్తాలోకి చెయ్యి పెట్టిన సుబ్బరాజుకి తను దాచుకున్న బ్రాందీ సీసా దొరికింది. సీసా మెడకి మళ్ళీ అదే కాగితం, రబ్బరు బ్యాండుతో బిగించి. ఇది ఐదోది.

ఒకవైపు అచ్చు. "తాగుడు మానాలనుందా? ప్రతి ఆదివారం సాయంత్రం ఐదింటికి, తాటిపాక సెంటర్లో ట్యూషన్ మేడ మీద కలుద్దాం. మేమూ మీలాంటివాళ్ళమే. పేరు అడగం, ఊరు అడగం." రెండోవైపు పెన్నుతో, కోడి గెలికినట్టు: "ఒరేయ్ సుబ్బరాజూ, ఈసారైనా మర్యాదగా వెళ్ళు."

ఆ 'ఒరేయ్' దగ్గరే సుబ్బరాజుకి ఒళ్ళు మండింది. కుక్కని అదిలించాలన్నా 'అవతలికెళ్ళండి' అనే ఊళ్ళివి. తనని ఒరేయ్ అనగలిగిన ఒకే ఒక్క మనిషి వాళ్ళ నాన్నగారు. ఆయన పోయి పదేళ్ళయింది. ఉన్నప్పుడు కూడా ఉత్తరాలు రాసే రకం కాదు.

మేత బస్తాలో సీసా ఉంటుందని ఈ భూమ్మీద తెలిసింది సుబ్బరాజు ఒక్కడికే. అక్కడికే వచ్చాడంటే వాడెంత ఘటికుడై ఉండాలి! పైగా పనంతా ఆదివారమే. మధ్యాహ్నం చేపల పులుసు క్యారేజీతో షెడ్డులో మొదలెట్టాక, సుబ్బరాజుకి సోమవారం దాకా లోకంతో పనుండదు. ఆ సందు చూసుకునే వాడు వస్తున్నాడు. మధ్యలో ఒక్క ఆదివారం, ఐనవిల్లి వినాయకుడి మొక్కని చెప్పి సుబ్బరాజు చుక్క ముట్టలేదు. ఆ వారం కాగితమూ రాలేదు. ఫరవాలేదు, వెధవకి దైవభక్తి ఉంది అనుకున్నాడు.

మొదటి అనుమానం భార్య సత్యదుర్గ మీద.

"నేనాండీ? మిమ్మల్ని ఒరేయ్ అంటానా?" ఆవిడ లెంపలేసుకుంది. "అయినా ఎవరు రాస్తే ఏంటండీ, ఉన్నదే కదా రాసేరు. పోయిన పంటకి మీరు మత్తులో పడుండి చెరువులో గాలి ఫ్యాన్లు వెయ్యకపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి. ఇంకొక్కసారి అలా జరిగిందో, పిల్లని తీసుకుని బండారులంక మా అమ్మగారింటికి పోతాను. తర్వాత చెప్పలేదనద్దు."

సత్యదుర్గ అన్నంత పనీ చేసే మనిషి. బీరువా మీది పెట్టె అప్పుడే కిందికి దిగింది.

తర్వాత అనుమానం బావమరిది నాగసతీష్ మీద. కానీ వాడు ఇంగ్లీషు మీడియం. ఇంత తెలుగు ఒక్కచోట రాయడం వాడి వల్ల కాదు.

సుబ్బరాజు బాగా ఆలోచించాడు. ఎవడో పనిగట్టుకుని తనకి తాగుబోతని పేరు పెడుతున్నాడు. పెళ్ళాం అది నమ్ముతోంది. వాణ్ణి జుట్టు పట్టుకుని తెచ్చి ఆవిడ ముందు నిలబెడితే కాపురం నిలుస్తుంది. తను తాగే సంగతి ఈ ఆలోచనలోకి రానేలేదు. తాగేవాళ్ళంతా తాగుబోతులవుతారా ఏంటి, విడ్డూరం కాకపోతే!

డిటెక్టివ్ అన్నవాడికి బుర్ర చురుగ్గా ఉండాలి. అందుకని శనివారం నుంచే సీసా ముట్టలేదు. చేతులు వణుకుతుంటే కోపం వల్ల అనుకున్నాడు. ఆదివారం ఐదింటికి ట్యూషన్ మేడెక్కాడు.

గదిలో పదిమంది దాకా ఉన్నారు. నల్లబల్ల మీద పిల్లల ఎక్కాలు ఇంకా చెరపలేదు. సుబ్బరాజు గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ మాటలాపేసి నోళ్ళు తెరిచి చూశారు. ఏసుపాదం గారని, రిటైరైన పోస్ట్‌మాన్, ఎదురొచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. అడక్కుండానే టీ వచ్చింది. పంచదార లేకుండా, అల్లం దట్టించి. సరిగ్గా సుబ్బరాజు తాగే టీ!

'అమ్మ వీళ్ళ తెలివి! నా టీ దాకా ఆరా తీసేరు' అనుకుంటూ లేచి, ఐదు కాగితాలూ బల్ల మీద కొట్టాడు.

"మా షెడ్డుకొచ్చి ఇవి పెడుతున్న మొనగాడెవరండీ? అందరూ తలో కాగితం మీద 'ఒరేయ్ సుబ్బరాజూ' అని రాయండి. దస్తూరీ చూస్తాను."

"ఆయ్, అలాగేనండి" అని అందరూ బుద్ధిగా రాసిచ్చారు. ఒక్కటీ సరిపోలేదు. పైగా సగం మంది అలా రాయడానికి చేతులు రాక 'ఒరేయ్ సుబ్బరాజు గారండీ' అని రాశారు.

సుబ్బరాజు కుర్చీలో కూలబడ్డాడు. దొంగ దొరకలేదు. ఇంటి దగ్గర పెట్టె కాచుక్కూర్చుంది. ఉన్నట్టుండి ఏడుపొచ్చేసింది. "నా కొంప ముంచుతున్నాడండీ. వాడెవడో చెప్పండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఏసుపాదం గారు పక్కనే కూర్చున్నారు.

"ముంచడం కాదండి, నిలబెడదామనే ఆయన తాపత్రయం. ఆదివారం ఆటోలో వస్తారు. తూలుతూ మెట్లెక్కి, ఈ కిటికీ పక్కనే కూర్చుంటారు. మా కాగితం వెనక ఈ బల్ల మీదే రాస్తారు. 'పొద్దున్నకి తెలివొచ్చేక మా సుబ్బరాజు ఇవేమీ ఒప్పుకోడండీ, వాడికి గట్టిగా చెప్పాలి' అని మీలాగే ఏడుస్తారు."

"అదేనండీ, ఎవడు వాడు?"

పెద్దాయన టీ గ్లాసు తీసి సుబ్బరాజు వణికే చేతుల్లో పెట్టి, పడిపోకుండా తన చెయ్యి అలాగే ఉంచారు.

"మీరిక్కడికి రావడం ఇది ఆరోసారండి, రాజుగారూ. తాగకుండా రావడం మాత్రం ఇదే మొదటిసారి."