పసుపు కిటికీ

గంట మోగింది. పన్నెండుమందీ కుంచెలతో లేచి, కుడిపక్కవాళ్ల బొమ్మ ముందుకు జరిగారు.

ఆ బొమ్మల శిక్షణలో అదే పద్ధతి. రోజుకోసారి పక్కవాళ్ల బొమ్మలో ఒక్కటంటే ఒక్కటి చేర్చాలి. నచ్చకపోతే చెరుపుకోవచ్చు, కానీ ఒక పూట ఆగి చూశాకే.

ఆ పన్నెండుమందిలో ఒకడైన లిఫ్ట్ ఆపరేటర్ తిరిగొచ్చి తన బొమ్మ చూసుకున్నాడు. ఒళ్లు మండింది.

గోడ మీద మళ్లీ చిన్న పసుపు కిటికీ!

"ఏంటండీ ఇది? నాలుగు రోజుల్నుంచీ ఇదే వరస. మీకు కిటికీ తప్ప ఇంకోటి రాదా?"

ఎడమపక్క ముసలాయన నవ్వాడు. నిదానం మనిషి కాబట్టి అందరూ ఆయన్ని నత్త తాత అనేవారు.

"అదొక్కటే బాగా వచ్చు బాబూ. నీ గదిలో గాలి ఆడట్లేదు."

"నా గది నా ఇష్టం!"

పూట కాదు కదా, నిమిషం కూడా ఆగలేదు. గుడ్డతో తుడిచేసి, పైన బూడిదరంగు పూసేశాడు.

అతని కంగారు అతనిది. పదిహేడేళ్లుగా ఆ ఇనప డబ్బాలో పైకీ కిందికీ తప్ప ఎటూ వెళ్లింది లేదు. చివరిరోజు నాటక కంపెనీ మేనేజరు వస్తాడు. 'మనిషి ఉండే గది' అన్న బొమ్మ ఎవరు బాగా వేస్తే వాళ్లకు నాటకాల తెరల మీద బొమ్మలు వేసే ఉద్యోగం. బయటపడే దారి అదొక్కటే. మధ్యలో ఈ తాత చాదస్తమొకటి!

తిన్నగా టీచరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఆయన్ని అక్కణ్ణించి మార్చండి మేడమ్. నా బొమ్మ పాడుచేస్తున్నారు."

పోరు పడలేక ఆవిడ సరేనంది. వీధివైపు కిటికీ పక్కన కూర్చునే తాత, స్టూలు తీసుకుని బీరువా వెనక మూలకి మారాడు.

చివరిరోజు మేనేజరు అతని బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"భలే వేశావయ్యా గోడలు! మొదటి రోజు నీకు గీత కూడా తిన్నగా వచ్చేది కాదటగా."

ఆపరేటర్ గుండె ఎగిరి గంతేసింది.

"కానీ ఇందులో మనిషి ఉండలేడు. చూస్తుంటే నాకే ఉక్కపోస్తోంది. ఎక్కడో ఓ కిటికీ అయినా పెట్టాల్సింది."

పక్క బొమ్మకి వెళ్లిపోయాడు. ఉద్యోగమూ అటే వెళ్లిపోయింది.

రేపు మళ్లీ లిఫ్టే. ఏడుపు తన్నుకొచ్చింది. బూడిదరంగు కింద ఇంకా కొంచెం పసుపు కనబడుతోంది.

"తాత ఏరి మేడమ్?"

"మూలకి మార్చిన రోజే వెళ్లిపోయారు. ఊపిరాడట్లేదన్నారు."

"కిటికీ పక్కన కాకపోతే కూర్చోలేరా?"

టీచరమ్మ తల దించుకుంది.

"నాకూ ఆయన వెళ్తున్నప్పుడే తెలిసింది. చెయ్యని నేరానికి పందొమ్మిదేళ్లు కిటికీ లేని జైలు గదిలో ఉన్నారట, రోజూ గోడ మీద ఓ కిటికీ గీసుకుంటూ బతికారట."