యాదికున్న సెగ

ముడిమ్యాలలో కరెంటు పోగానే క్యారెట్ మడుల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అఖిల ఫోను చేతబట్టుకుని, తాను ఆన్‌లైన్‌లో భాగాలుగా రాస్తున్న ఫాంటసీ నవలను నానమ్మ కృష్ణమ్మకు చదివి వినిపించింది. అందులో రాణి మంటల్లో నిలబడి ఉంటుంది. వేలమంది ఆమెకు మొక్కుతుంటారు.

"రాణి మీదికి దేవత వచ్చిందా, లేకుంటే నరకం కనబడ్డదా? చదివేటోళ్లు కొట్లాడుతున్నరు అవ్వా. నేనైతే చెప్పలే."

ఏటా బోనాలప్పుడు కృష్ణమ్మ ఒంటి మీదికి పోచమ్మ వస్తుంది. ఆమె అడిగింది.

"రాణికి ఆ మంట యాదికున్నదా?"

"అంతా యాదికున్నది. కాళ్ల కింది సెగ గూడ."

"అయితే అమ్మ కాదు బిడ్డా. అమ్మ వచ్చిపోయినంక నాకేం యాదికుండదు. చూసినోళ్లు చెప్తేనే ఎరుక."

అఖిల నవ్వింది. "గట్లనా! జర ఆగు, ఆ ముక్క మళ్ల చదువుత."

"దేంట్ల చూసి చదువుతవ్?" కృష్ణమ్మ గొంతు తగ్గింది. "నోటికి చెప్తున్నవనుకున్న. కరెంటు పోకముందే నీ ఫోను బందైంది కద."

అఖిల బటన్ నొక్కింది. తెర వెలగలేదు.

అరికాళ్ల కింది సెగ మాత్రం ఆమెకు బాగా గుర్తుంది.