పెట్రోలు పెళ్లికారు

ఊళ్లో మిగిలిన ఒక్క పెట్రోలు కారులోనే ఊరేగాలని పెళ్లికూతురు సుహిత పట్టుబట్టింది. మండపానికి ఇంకా రెండు వీధులుండగా వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది.

"ఇంజన్ పని అయిపోయింది. తుక్కుకి ఎత్తుకెళ్లే బండిని పిలిచాను, అరగంటలో వస్తుంది" అంది కారు. ఈ రోజుల్లో ప్రతి బండీ తన జబ్బు తనే చెప్పుకుంటుంది. బానెట్ ఎత్తి చూసేవాళ్లే లేరు.

"ఇప్పుడెలా నాయనమ్మా?" అంది సుహిత.

ఒకప్పుడు ఆటోనగర్లో రిపేరు షెడ్డు నడిపిన నాయనమ్మ మస్తానమ్మ కిందికి దిగి, కారు ముందున్న పూలదండల వెనక్కి అరచెయ్యి పోనిచ్చింది.

"ఫ్యాను తిరుగుతోంది. గాలి మాత్రం లోపలికి పోవట్లేదు. ఇంజన్ ఆపండి."

దండలు తీయించింది. రేడియేటర్ నిండా బంతిరేకులు కూరుకుపోయి ఉన్నాయి. జడపిన్నుతో అన్నీ లాగేసి, చల్లారనిచ్చి, నీళ్లు పోసింది. మళ్లీ స్టార్టు చేస్తే ముల్లు మధ్యలోనే నిలిచింది.

"తుక్కు బండిని వద్దన్నాను. బాగుచేసింది ఎవరు? యజమానులా, కంపెనీ వాళ్లా?" అని అడిగింది కారు.

"మెకానిక్."

"ఆ మాట నా జాబితాలో లేదు."

"అయితే రాసుకో" అంటూ మస్తానమ్మ నల్లబడ్డ చేతుల్ని పట్టుచీర కొంగుకే తుడుచుకుంది.