ల్యాప్‌టాప్‌కు పెట్టిన బొట్టు

మొగుడికి తెలియని పనంటూ ఒక్కటీ లేకపోవడమే సింధుజకు వచ్చిన చిక్కు. పాప పుట్టినరోజు వీడియో చేస్తానని హరీశ్ పక్కింటి నవత ల్యాప్‌టాప్ అడిగి తెచ్చాడు. కొనుక్కోవాల్సిన సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడినుంచో ఉచితంగా దించుకున్నాడు. ప్రమాదమని తెర మీద హెచ్చరిక వస్తే ఆ హెచ్చరికను ఆపేశాడు. సింధుజ వద్దంటే ఆమెనూ అలాగే ఆపేశాడు.

ఇప్పుడు నవత హరీశ్ ఇంటికే వచ్చి కూర్చుని ఒక్కో ఫైలూ నొక్కి చూస్తోంది. ఏదీ తెరుచుకోవడం లేదు.

"గొల్లభామ చీరల డిజైన్లన్నీ దీంట్లనే ఉన్నయన్నా. ఇయ్యాల పొద్దుమీకేవరకు మగ్గమోళ్లకు పంపాలె. ఏమన్న ఎక్కిచ్చినవా?"

"నేనేం ఎక్కియ్యలే. పాతదైంది గదా" అన్నాడు హరీశ్, ఫ్యాను వైపు చూస్తూ.

గడప దగ్గర నిలబడ్డ అతని తల్లి స్వరాజ్యలక్ష్మి మెల్లగా అంది. "తప్పు నాదే బిడ్డా. మనింటికి కొత్తగ వచ్చిందని నిన్న పసుపు కుంకుమ పెట్టిన. లోపలికి పోయినట్టుంది."

"గదే అయ్యుంటది" అని హరీశ్ వెంటనే అందుకున్నాడు.

ఆమె వచ్చి కింద కూర్చుని, కొంగుతో ఒక్కో మీటా తుడవసాగింది.

"మంచిగ తుడువుండ్రి అత్తమ్మా" అంది సింధుజ. "మీ కొడుకు చూస్తుండు."

హరీశ్ కాసేపు చూశాడు. తర్వాత తల్లి చేయి పట్టుకున్నాడు.

"ఇడిసిపెట్టమ్మా. కుంకుమ కాదు. నవతా, దొంగ సాఫ్ట్‌వేర్ నేనే ఎక్కిచ్చిన. మీ వదిన వద్దన్నా ఇనలే. తప్పు నాది."