పొత్తు పొట్ట

ఒళ్లు తగ్గడానికి ఏ ఆపరేషన్ కావాలో తేల్చుకోమని డాక్టరమ్మ మూడు రకాలు చూపించింది. కోత వద్దు, పేగు మళ్లింపూ వద్దు, పొత్తు పొట్టే మేలనుకుంది పుష్పవేణి. అందులో ఆరుగురి పొట్టలకు లంకె వేస్తారు. ఒకరు తింటే ఆరుగురికీ కడుపు నిండుతుంది. పైగా ఐదుగురు తోడు దొరుకుతారు.

తొలి ఆదివారమే ఆ తోడు తడాఖా తెలిసొచ్చింది. కొత్తావకాయ కలిపిన ముద్ద నోటిదాకా వచ్చేసరికి ఆవిడ కడుపు బిర్రుగా నిండిపోయింది. ఒళ్లు మండి, ఐదుగురినీ ఒకేసారి ఫోన్లోకి లాగింది.

"ఎవరండీ బాబూ, నా వంతు కూడా లాగించేసింది?"

నేను కాదంటే నేను కాదన్నారు నలుగురూ. ఆఖరికి గుంపులో పెద్దాయన, రిటైరైన పోస్టుమాస్టరు డేనియల్ గారు నసిగారు.

"నేనేనమ్మా. నేను తింటే మీ అందరికీ నిండిపోతుందని మొహమాటపడి, వారం నుంచీ గుక్కెడు మజ్జిగతోనే గడిపేశాను. ఇవాళ మా ఇంట్లో కలిపిన ఆవకాయ వాసనకి ఆగలేకపోయానండి."

పుష్పవేణి కోపం చప్పున చల్లారింది. చేతిలోని ముద్దను కంచంలో పెట్టేసింది.

"అయ్యో, అంతేనా తినడం? నెయ్యి వేసుకుని ఇంకో ముద్ద కలుపుకోండి. మాకింకా ఆకలిగానే ఉంది," అంది, గొంతుదాకా వచ్చిన త్రేన్పును కొంగుతో అదిమిపెట్టి.

"అవునవును, ఒకటే ఆకలి," అన్నారు మిగతా నలుగురూ ఆయాసపడుతూ.