వేరు కాపురం

"ఒకే సర్వర్‌లో పది సైట్లుంటాయమ్మా, ఉమ్మడి కాపురంలాగా. పక్కవాళ్ళకి జనం ఎక్కువైతే మీ సైటు నెమ్మదిస్తుంది," అన్నాడు సైట్లు పెట్టే అతను.

"ఎవరా పక్కవాళ్ళు?" అక్క కుట్టు మిషను ఆపింది.

"మీ చెల్లెలుగారే. ఆవిడ బట్టల కొట్టుకి మంచి గిరాకీ."

అక్కకి కడుపు మండిపోయింది. చెల్లెలు గుడ్డ అమ్ముతుంది, తను గౌన్లు కుడుతుంది. చెల్లెలి పేజీ రోజూ తెరుస్తుంది. పైన కొత్త రంగులు కనబడగానే ఒళ్ళు మండి టక్కున మూసేస్తుంది.

"నన్ను వేరు పెట్టండి. సర్వరూ వేరు, సైటు పేరూ వేరు. పాతది తీసి పారెయ్యండి. దాని గాలి కూడా నాకు సోకకూడదు!"

కొత్త సైటు చిటికెలో తెరుచుకుంటోంది. తెరిచేవాళ్ళే లేరు. నెల తిరిగినా ఒక్క గౌను అడిగినవాళ్ళు లేరు.

ఫోన్ చేసి అతన్ని కడిగి పారేసింది. "ఏదో తప్పు చేసుంటారు మీరు! ఇదివరకు వచ్చేవాళ్ళంతా ఏమైపోయారు?"

"వాళ్ళంతా మీ చెల్లెలుగారి పేజీలోంచే వచ్చేవాళ్ళమ్మా. అడుగున మీరెప్పుడూ చూడలేదా?"

ఫోన్ పెట్టేసి ఆ పేజీ తెరిచింది. మొదటిసారి చివరిదాకా జరిపింది.

"కుట్టించుకోవాలంటే మా అక్క దగ్గరికే వెళ్ళండి. అంత మంచి చెయ్యి ఇంకెక్కడా దొరకదు. ఇక్కడ నొక్కండి."

నొక్కింది.

"ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు," అని వచ్చింది.