టీకాల గది వెనక

నకిమేరా మళ్లీ లేచి నిలబడింది. మీటింగు మొదలైనప్పటి నుంచీ ఆమె ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు.

"నా ఎండుచేపల కొట్టు పక్కన పిచ్చాసుపత్రా? కుదరదు!"

చర్చి హాల్లో చప్పట్లు మోగాయి.

నర్సు అకెల్లో కంపాలా నుంచి ఈ రేవు ఊరికి కొత్తగా వచ్చింది. మనసు బాగోలేనివాళ్లకి వారానికోసారి మందులిస్తానంది. సంతలో ఖాళీగా ఉన్న గది ఇమ్మంది.

"సంతకి ఎలాగూ అందరూ వస్తారు కదక్కా. రోగులకి దగ్గరవుతుంది," అంది నర్సు.

"నేననేదీ అదేనమ్మా! వచ్చినవాళ్లని మావాళ్లు వదుల్తారా? ఫలానావాడికి పిచ్చని సాయంత్రానికల్లా పాట కట్టేస్తారు. ఇంక బేరాలెవరు చూస్తారు?"

"ముందు నీ నోటికి మందిమ్మను అత్తా!" అన్నాడు అద్దెకి బోడా మోటార్‌సైకిల్ నడిపే కిజిటో. హాలంతా నవ్వింది.

నకిమేరా నవ్వలేదు. తలగుడ్డ విప్పి మళ్లీ బిగించి కట్టుకుంది.

ఊరి పెద్ద సెబోవా గొంతు సవరించుకున్నాడు. "పోనీ, కొండవతల పాత కాఫీ గోదాము ఉంది. అక్కడ పెట్టుకోమందాం."

"పనిలేకుండా అటెవరు వెళ్తారు పెద్దయ్యా? ఆ దారిలో మనిషి కనిపిస్తే చాలు, ఆడపిల్లలు హడలిపోతారు. వద్దు!" అంది నకిమేరా.

"మరెక్కడ పెట్టమంటావే తల్లీ?"

"పిల్లలకి టీకాలేసే ఆసుపత్రి లేదూ? దాని వెనక గదిలో పెట్టుకోండి. తల్లుల గుంపులో కలిసిపోతారు. మా కంటబడరు."

బాగుందన్నారు. అందరూ చేతులెత్తారు. అంతటితో అయిపోయింది.

బయట నర్సు పరుగున వచ్చి ఆమెని ఆపింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మీలాంటివాళ్ల నోటికి భయపడే అక్కా, రోగులు గడప దాటి రారు."

నకిమేరా ఏదో అనబోయింది. వెనక కిజిటోవాళ్లు వస్తున్న అలికిడి విని, గబగబా సంతవైపు నడిచి వెళ్లిపోయింది.

టీకాల రోజు పొద్దున నర్సు ఆ వెనక గది తెరిచీ తెరవగానే, మనవరాలిని వీపున కట్టుకుని తల్లుల వరసలో నిలబడ్డ నకిమేరా మెల్లగా పక్కకి తప్పుకుని లోపలికొచ్చి, "తలుపెయ్యమ్మా... ఏడాదిగా నా చెవిలో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు," అంది.